పగ్గాలు పట్టే చెయ్యి

జ్వరంతో పడుకొన్నవానిని ఒళ్లు చల్లబరచుకొమ్మని ఎవ్వరూ అనరు. కాలు విరిగినవానిని ఆ కాలిమీదనే లేచి నడువుమని అనరు. మనస్సు క్రుంగినవానితో మాత్రం, ఆ క్రుంగిన మనస్సుతోనే దానిని పైకెత్తుకొమ్మని చెబుతాము. "మనస్సు గట్టిచేసుకో" అనే మాట మన ఇండ్లలో ఎంత తేలికగా వెలువడుతుందో! ఆ మాట అన్నవారిలో నేనూ ఒకడిని. అనకుండా ఉంటే బాగుండునని ఇన్నేళ్లుగా అనుకొంటున్నాను గనుకనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

1998 వేసవిలో మా అన్నయ్యను విషాదరోగం పట్టుకొన్నది. వైద్యులు దానిని డిప్రెషన్ అన్నారు. ఇంట్లో మేము మొదట దిగులు అన్నాము, తరువాత బద్ధకం అన్నాము, చివరకు అహంకారమని కూడ అన్నాము. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి ఆయన. గంట కొట్టకముందే తరగతి గుమ్మంలో నిలబడి ఉండేవాడు. అటువంటివాడు తెల్లవారుజామున మూడింటికే మేలుకొని, ప్రొద్దెక్కినా మంచం దిగలేక, పంచె అంచును వేళ్లతో నలుపుతూ కూర్చుండేవాడు. ఎప్పుడూ అట్లా కదలక మెదలక ఉండేవాడా అంటే, అదీ కాదు. ఉన్నట్టుండి లేచి, ఏనాడూ పరుషం పలుకని నోటితో వదినను నొప్పించేవాడు. మరుక్షణం గోడకు తల ఆనించి ఏడ్చేవాడు. ఒకనాడు నేను విసిగిపోయి, "ఇంత చదువుకొన్నావు గదా అన్నయ్యా, మనస్సును కాస్త పట్టుకోలేవా?" అన్నాను. ఆయన నావంక చాలసేపు చూచి, "పట్టుకోమంటున్నావు, సరే. పట్టుకొనే చెయ్యి ఏదిరా?" అన్నాడు.

ఆ ప్రశ్న అన్నయ్య ఒక్కడిది కాదు. నిగ్రహం చూపలేదని ఒక మనిషిని నిందిస్తున్నామంటే, నిగ్రహించే శక్తి అతనివద్ద ఉండికూడ అతడు దానిని వినియోగించలేదని మన భావం. ఆ శక్తికే జబ్బు చేస్తే నిందకు తావెక్కడ? నింద లేదంటే బాధ్యత కూడ లేదని ఒప్పుకోవాలా? బాధ్యత బొత్తిగా లేదంటే, మనము దయ పేరిట అతనిని మనుష్యుల లెక్కలోనుండి కొట్టివేసినట్లు కాదా?

మన పూర్వులు ఈ విషయాన్ని ఒక గొప్ప ఉపమానంలో చెప్పారు. కఠోపనిషత్తులో దేహం రథం. ఇంద్రియాలు గుర్రాలు, మనస్సు పగ్గం, బుద్ధి సారథి. ఆత్మ ఆ రథంలో కూర్చున్న యజమాని. అవివేకి అయిన సారథి చేతిలో గుర్రాలు ఎట్లా దుడుకుగా పరుగెత్తుతాయో అక్కడ హెచ్చరిక ఉన్నది. కాని వివేకం నిండుగా ఉండి, దారి తెలిసి ఉండి, చేతులలో సత్తువ ఉడిగిన సారథిని గురించి అక్కడ ప్రస్తావన లేదు. మా అన్నయ్య అటువంటి సారథి. దారి ఏదో ఆయనకు నాకన్న బాగా తెలుసును.

పగ్గమనేది కేవలం ఉపమానమని అనుకొనేవాడిని. శరీరశాస్త్రం కొద్దిగా చదివిన తరువాత, దేహంలో అట్టి వస్తువు నిజంగానే ఉన్నదని తెలిసింది. 1845లో జర్మనీకి చెందిన వేబర్ సోదరులు ఒక వింత గమనించారు. తల అడుగుభాగంనుండి బయలుదేరి, మెడగుండా దిగి, గుండె, ఊపిరితిత్తులు, జీర్ణాశయం అన్నిటినీ పలుకరించుకుంటూ పోయే ఒక పొడవైన నాడి ఉన్నది. దాని తిరుగుడు చూచి లాటిన్ భాషలో వేగస్, అనగా సంచారి, అని పేరు పెట్టారు. ఆ నాడిని విద్యుత్తుతో ప్రేరేపిస్తే గుండె వేగం హెచ్చలేదు సరిగదా, మందగించింది. ప్రేరణ బలంగా ఉంటే కాసేపు ఆగింది కూడ. నాడి ప్రేరేపించబడితే అవయవం కదులుతుందనియే అంతవరకు అందరి నమ్మకం. ప్రేరేపించబడి ఆపే నాడి ఒకటి ఉంటుందని వారు తలచలేదు. ఆపడం అనేది పని లేకపోవడం కాదు, అదీ ఒక పనియే అని అప్పుడు తేలింది. 1921లో ఆటో లోవీ రెండు కప్పగుండెలతో చేసిన ప్రయోగం దీనిని ఇంకొక మెట్టు పైకి తీసుకొనిపోయింది. మొదటి గుండె వేగస్ నాడిని ప్రేరేపించి, ఆ గుండె మునిగియున్న ద్రవాన్ని తీసి రెండవ గుండెకు అందిస్తే, ఏ నాడీ తాకకుండనే ఆ రెండవదికూడ నెమ్మదించింది. నెమ్మది ఒక ద్రవ్యరూపంలో ఒక గుండెనుండి మరొక గుండెకు ప్రవహించిందన్న మాట. లోవీకి 1936లో నోబెల్ బహుమానం లభించింది.

ఇంతకన్న నన్ను ఆశ్చర్యపరచిన సంగతి మరొకటి ఉన్నది. గుండెను దాని మానాన దానిని వదలితే, ఆరోగ్యవంతుడైన పెద్దవానిలో నిమిషానికి సుమారు 100 సార్లు కొట్టుకొంటుంది. ఊరక కూర్చున్నప్పుడు 70 ప్రాంతంలో ఉంటున్నదంటే, వేగస్ నాడి దానిని క్షణక్షణమూ వెనుకకు లాగి పట్టుకొన్నందువల్లనే. అరుగుమీద కూర్చుని చల్లగాలి పీల్చుకొనే మనిషిని చూచి, ఏ పనీ చేయడం లేదనుకొంటాము. అతని లోపల ఒక పగ్గం ఎడతెగక బిగిసి ఉన్నది. శాంతి మన సహజస్థితి అనీ, ఆవేగం దానిని చెడగొట్టే విఘ్నమనీ నీతిశాస్త్రాలు అనుకొన్నాయి. గుండె సాక్ష్యం అందుకు విరుద్ధంగా ఉన్నది. పరుగే దాని స్వభావం. శాంతి సంపాదన.

ఈ పగ్గం ఇనుపకడ్డీవలె బిగుసుకొని ఉండదు. గాలి లోనికి పీల్చినప్పుడు కొంచెం సడలుతుంది, గుండె త్వరపడుతుంది. విడిచినప్పుడు తిరిగి బిగుస్తుంది, గుండె నెమ్మదిస్తుంది. మంచి రౌతు కళ్లెం పట్టే తీరు కూడ ఇదే. అందుచేత గడియారంవలె సమంగా కొట్టుకొనే గుండె ఆరోగ్యానికి చిహ్నమని సామాన్యులు భావించడం పొరబాటు. దెబ్బకు దెబ్బకు నడుమ సూక్ష్మమైన తేడా ఉండటమే మేలు. ఈ తేడాను హృదయగతి వైవిధ్యమని అనవచ్చును. విషాదరోగులలో ఈ వైవిధ్యం సగటున కొంత తక్కువగా ఉంటుందని అనేక పరిశోధనలలో కనిపించింది. 2000లో జూలియన్ థేయర్, రిచర్డ్ లేన్ అనే శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. నుదుటి వెనుకనున్న మెదడు భాగాలు భయాన్నీ ఆవేగాన్నీ అదుపులో ఉంచే వ్యవస్థలో భాగమై, అదే వ్యవస్థ ద్వారా వేగస్ పగ్గాన్నీ నడుపుతాయని వారి మాట. అంటే నోటివరకు వచ్చిన కటువైన మాటను మ్రింగుకొనే శక్తి, గుండెను నెమ్మదింపజేసే శక్తి దగ్గరి చుట్టాలు.

ఇక్కడ కొంచెం జాగ్రత్త అవసరం. సగటున తక్కువ అన్నమాటకు ప్రతి రోగిలోను తక్కువ అని అర్థం కాదు. క్రుంగిపోయినవారిలో చక్కని గుండెగతి ఉన్నవారున్నారు. హాయిగా నవ్వుతూ తిరిగేవారిలో లేనివారూ ఉన్నారు. ఈ రోగానికి వాడిన కొన్ని పాత మందులే ఆ వైవిధ్యాన్ని తగ్గిస్తాయి గనుక, ఎంతవరకు రోగం, ఎంతవరకు మందు అనే వాదం కూడ నడిచింది. ముంజేతికి కట్టుకొనే యంత్రాలు చూచి ఎవరి దుఃఖాన్నీ కొలువలేము. మాంట్రియల్‌లో గుండెపోటు వచ్చిన 222 మంది రోగులను పరిశీలించి 1993లో ప్రకటించిన ఫలితంలో, విషాదరోగం తోడైనవారు ఆరు నెలల లోపల మరణించే ప్రమాదం మిగిలినవారికన్న చాల హెచ్చుగా కనిపించింది. అయితే విషాదానికి చికిత్స చేస్తే గుండె రక్షింపబడుతుందని ఆశించి అమెరికాలో 2,481 మంది రోగులమీద జరిపిన పెద్ద ప్రయోగం 2003లో వేరు ఫలితం చూపింది. దిగులు కొంత తగ్గింది, మరణాలు తగ్గలేదు. గుండెకు మనస్సుకు బంధుత్వం ఉన్నదనుట నిజమే గాని, ఆ బంధుత్వపు వరుస ఏమిటో ఇంకా పూర్తిగా తేలలేదు.

ఇక మెదడు. మానవుని మెదడులో లయబద్ధంగా సాగే విద్యుత్తరంగాలను మొట్టమొదట నమోదు చేసినవాడు జర్మనీలో యేనా నగరపు వైద్యుడు హాన్స్ బెర్గర్. 1924లో నమోదు చేసి, అయిదేళ్లు తనలో తాను సందేహించి, 1929లో ప్రకటించాడు. కళ్లు మూసుకొని నెమ్మదిగా ఉన్న మనిషి మెదడులో సెకనుకు పది చొప్పున లేచే అలలు ఆయన కనుగొన్నవే. యువకుడుగా సైన్యంలో ఉండగా గుర్రంమీదనుండి పడి చావు తప్పించుకొన్న రోజుననే, ఎక్కడో దూరాన ఉన్న అక్కకు ఏదో కీడు తోచి, తండ్రిచేత తంతి ఇప్పించిందట. మనస్సు మనస్సుకు పంపే ఆ శక్తి ఏమిటో తెలుసుకోవాలనే కోరికయే ఆయనను మెదడు పరిశోధనకు పురికొల్పింది. చివరి దశలో ఆయనను విషాదం క్రమ్ముకొన్నది. 1941లో తన ప్రాణం తానే తీసుకొన్నాడు. మెదడు లయను మొదట చూచిన కన్ను తన మెదడును కాపాడుకోలేకపోయింది. ఈ కథ చదివినప్పుడు నాకు కలిగిన జాలి తరువాత కొంత సంకటంలో పడింది. నాజీల పాలనలో వంశపారంపర్య రోగాల పేరిట మానసికరోగులకు సంతానం కలుగకుండ చేయవలెనని తీర్పులు చెప్పిన న్యాయస్థానాలలో బెర్గర్ కూడ పాల్గొన్నట్లు తరువాతి పరిశోధకులు వెలికితీశారు. రోగి ఒకడే ఎప్పుడూ బాధితుడు, తక్కినవారు ఎప్పుడూ బాధించేవారు అనే సులభసూత్రం ఇక్కడ పనికిరాదు.

విషాదరోగం బయటికి చూడటానికి అతినిగ్రహంవలె ఉంటుంది. రోగి కదలడు, పలుకడు, కోరడు. అందుచేత ఇతనికి ఆవేగమేమిటి అని మనకు అనిపిస్తుంది. కాని ప్రారంభించే శక్తి, ఆపే శక్తి రెండూ ఒకేసారి సన్నగిల్లవచ్చును. స్నానానికి లేవలేనివాడే ఒక్క క్షణంలో ఉద్యోగం మానుకొంటాడు, స్నేహం తెంచుకొంటాడు, అంతకన్న దారుణమైనది తలపెడతాడు. 1976లో స్టాక్‌హోమ్‌లో మేరీ ఆస్‌బెర్గ్, ఆమె సహచరులు విషాదరోగుల వెన్నెముక ద్రవాన్ని పరీక్షించారు. సెరొటోనిన్ అనే పదార్థం కరిగి మిగిల్చే అవశేషం తక్కువగా ఉన్నవారిలో ప్రాణంమీదికి తెచ్చుకొన్నవారు హెచ్చుగా ఉన్నట్లు చూచారు. అది దిగులుకన్న ఆవేగానికి సంబంధించిన గుర్తు కావచ్చునని తరువాతి పరిశోధకులు చాలమంది భావించారు. సెరొటోనిన్ కొరతే విషాదానికి కారణమని పత్రికలలో ప్రచారమైన సులభ వివరణ మాత్రం నిలువలేదు.

ఇంతవరకు వచ్చిన తరువాత ఎవరైనా అడుగవచ్చును: అయితే చేసినదంతా మెదడే చేసిందా? ఆ మనిషి ఏమీ చేయలేదా? ఈ వాదం నాకు సమ్మతం కాదు. మెదడు చేసిందనడం, చెయ్యి వ్రాసిందనడం వంటిది. చెయ్యి లేక వ్రాయలేము; కాని ఉత్తరం వ్రాసినది చెయ్యి కాదు. వదినను అన్న మాటలకు అన్నయ్య స్వస్థపడిన తరువాత క్షమాపణ కోరాడు. ఆ మాటలు నావి కావని ఆయన ఒక్కసారి కూడ అనలేదు. అనివుంటే మేము నమ్మేవాళ్లమే. కాని ఆయనకు తనమీద ఉన్న గౌరవం తగ్గేదేమో.

న్యాయశాస్త్రం ఈ చిక్కును తప్పించుకొని ఒక ప్రశ్నవద్దనే ఆగిపోయింది. 1843నాటి ఇంగ్లీషు సూత్రాన్ని అనుసరించి 1860నాటి మన శిక్షాస్మృతి, చిత్తవైకల్యం గలవానికి తాను చేస్తున్నది ఏమిటో, అది తప్పో కాదో తెలుసునా అనియే అడిగింది. తెలిసికూడ ఆపుకోగలడా అని అడుగలేదు. ధర్మం తెలుసును గాని ఆచరించలేకున్నానని దుర్యోధనుని నోట పెట్టిన మాట ఒకటి మన దేశంలో వాడుకలో ఉన్నది. దానిని దుర్మార్గుని సాకుగా మనము ఇన్నాళ్లు విని నవ్వుకొన్నాము. అదే మాట అర్జునుడు గీత మూడవ అధ్యాయంలో వేరొక తీరుగా అడుగుతాడు: ఇష్టం లేకున్నా, ఎవరో బలవంతంగా త్రోసినట్లు, మనిషి తప్పుకు ఎందుకు పాల్పడతాడని. అడిగినవాడు అర్జునుడు గనుక అది తాత్త్విక ప్రశ్న అయింది.

ఆ శిక్షాస్మృతిలోనే 309వ సెక్షన్ ఉండేది. ప్రాణం తీసుకోబోయి బ్రతికినవానికి ఏడాదివరకు చెరసాల. ఆ సెక్షన్ తొలగించవలెనని 1971లోనే న్యాయసంఘం సిఫారసు చేసింది. 1994లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది; 1996లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తిరిగి నిలిపింది. 2017నాటి మానసిక ఆరోగ్య చట్టం అట్టివాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనియే భావించవలెననీ, అతనికి చికిత్స, సంరక్షణ కల్పించడం ప్రభుత్వ విధి అనీ చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో పాత సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగిని లొంగదీయడానికి ఆ ప్రయత్నం చేస్తే మాత్రమే శిక్ష. నూట అరవై ఏళ్లకు పైగా నేరస్థుడుగా చూచినవానిని చట్టం ఇప్పుడు రోగిగా చూస్తున్నది. ఇందులో నాకు ముఖ్యమనిపించినది శిక్ష పోవడం కాదు. విధి అనే మాట ఒకరినుండి మరొకరికి మారింది. నీవు నిగ్రహించుకోలేదేమని అడుగుటకు బదులు, నీవద్ద మేమెందుకు లేకపోయామని సమాజం తన్ను తాను అడుగవలసి వచ్చింది.

ఈ రెండవ ప్రశ్న మెత్తని మనస్సు గలవారి ఊహ మాత్రమే కాదని చెప్పడానికి శ్రీలంక అనుభవం చాలును. 1995 నాటికి ఆత్మహత్యలు ప్రపంచంలో అత్యధికంగా జరిగే దేశాలలో అది ఒకటి. ఆ మరణాలలో పెద్దభాగం పొలానికి తెచ్చి ఇంటిచూరులో ఉంచిన పురుగుమందుల వల్లనే. ప్రభుత్వం మిక్కిలి విషపూరితమైన రకాలను 1995లోను, ఆ తరువాతను దశలవారీగా నిషేధించింది. పది సంవత్సరాలలో ఆత్మహత్యల రేటు సుమారు సగానికి దిగింది. తరువాత ఇంకా తగ్గింది. ఆ పదేళ్లలో అంతర్యుద్ధం పూర్తిగా సమసిపోలేదు, పేదరికం మాయం కాలేదు, 2004లో సునామీ వచ్చింది. మనుష్యుల దుఃఖం సగానికి తగ్గిందని ఎవరనగలరు? తగ్గినది దుఃఖానికీ చేతికీ నడుమనున్న దగ్గరితనం. నిగ్రహానికి సంబంధించి ఇంతకన్న పెద్ద పాఠం నేను ఏ వేదాంతగ్రంథంలోను చదువలేదు. ఆ ఆవేగం తరచు కొద్దిసేపటిది. ఆ కొద్దిసేపు దాటిపోతే, బ్రతికినవారిలో అత్యధికులు ఆ దారిన మరి పోలేదని వైద్యుల అనుభవం. తమిళనాడులో కొన్ని గ్రామాల రైతులు తమ తమ మందులను ఇంటిలో ఉంచుకొనుట మాని, ఉమ్మడి గదిలో తాళం వేసిన పెట్టెలలో భద్రపరచే ఏర్పాటును కూడ పరీక్షించి చూచారు. గదికీ ఇంటికీ మధ్యనున్న ఆ నాలుగు అడుగులే పగ్గం.

సుందరకాండ పారాయణ చేసేవారికి ఒక ఘట్టం జ్ఞాపకముండే ఉంటుంది. లంక అంతా వెదకి సీత కానరాక, హనుమంతుడు తాను వట్టిచేతులతో తిరిగిపోతే ఎంతమంది చనిపోతారో ఒక్కొక్కరినే ఊహించుకొని, తన ప్రాణం విడుచుటయే మేలా అని ఆలోచిస్తాడు. బ్రతికియుంటే మేలు కలుగవచ్చునని తిరిగి తేరుకొంటాడు. అంతలో ఇంకా వెదకని అశోకవనం కంటబడుతుంది. మనోబలంలో అంతటివానికి కూడ ఆ ఆలోచన వచ్చిందని దాచకుండ చెప్పిన వాల్మీకికి నమస్కారం.

మా ఇంటికథలో మిగిలిన భాగం ఇప్పుడు చెప్పాలి. ఆ శ్రావణమాసంలో ఒక సాయంకాలం అన్నయ్య హఠాత్తుగా కాగితం తీసి రాజీనామా పత్రం వ్రాశాడు. తాను పిల్లలకు చదువు చెప్పడానికి తగననీ, ఇన్నాళ్లు జీతం అపహరించాననీ అందులో ఉన్నది. కవరు అంటించి వదిన చేతికిచ్చి, తపాలాపెట్టెలో వేసి రమ్మన్నాడు. వదిన గుడికి పోతున్నానని చెప్పి బయలుదేరి, గుడికి పోయి, ఆ కవరుతోనే ఇంటికి తిరిగివచ్చి, బియ్యపుడబ్బాలో అడుగున పెట్టింది. "వేశావా?" అని ఆయన అడిగితే, "ఆ" అన్నది. ఈ సంగతి నాకు మాత్రమే చెప్పింది. నేను న్యాయం చదువుకొన్నవాడిని. ఆమె చేసినది తప్పని వెంటనే నా నోటికి వచ్చింది. భర్త అయినా సరే, మరొకరి ఉత్తరం ఆపే హక్కు ఆమెకెక్కడిది? వయస్సు వచ్చినవాడు, తెలివి ఉన్నవాడు, తన ఉద్యోగం తాను మానుకొంటే అది అతని స్వేచ్ఛ కాదా? ఆమె నా వాదమంతా విని, "ఉత్తరం వ్రాసింది మీ అన్నయ్యేనంటారా?" అని మాత్రం అడిగింది.

అవును, కాదు అని ఈనాటికీ ఒక్క మాటలో చెప్పలేను. ఆ వ్రాత ఆయనదే. ఆ మాటలలోని నిజాయితీ కూడ ఆయనదే. రోగం కూడ తన పనిముట్లను మన స్వభావంలోనుండియే ఎరువు తెచ్చుకొంటుంది. పరుని సొమ్ము తాకనివాడు గనుకనే జీతం అపహరించానని బాధపడ్డాడు. అయినా ఆ నిర్ణయాన్ని ఆయన చేయలేదు. అది ఆయనచేత చేయించబడింది. వదిన ఆపినది ఆయన స్వేచ్ఛను అనడంకన్న, ఆయన స్వేచ్ఛ తిరిగివచ్చేవరకు దానికి చోటు ఉంచింది అనడం నిజానికి దగ్గరగా ఉంటుందని నాకు తోస్తున్నది.

ఇది ప్రమాదకరమైన తర్కమని నాకు తెలుసును. నీ మేలుకోసమే నీ తరఫున నేను పట్టుకొంటున్నాను అనే మాట చెప్పి ఎంతమంది ఎంతమంది చేతులు కట్టలేదు! 2001 ఆగస్టు 6న తమిళనాడులో రామనాథపురం జిల్లా ఏర్వాడిలో తాటాకు పాకకు నిప్పంటుకొని 28 మంది మానసికరోగులు కాలిపోయారు. వారు పారిపోలేకపోయారు, ఎందుకంటే సంకెళ్లతో బంధింపబడి ఉన్నారు. వారిని అక్కడ విడిచివెళ్లిన బంధువులలో అందరూ క్రూరులు కారు. చాలమంది అలసిపోయినవారు. సంకెల వేసినవాడు కూడ అది పగ్గమనియే అనుకొంటాడు. రెంటికీ భేదమేమిటి? పగ్గం పట్టినవాడు రథంలోనే కూర్చుని ఉంటాడు, రథం ఎటు పోతే తానూ అటే పోతాడు. సంకెలను తగిలించినవాడు తాళంచెవి తీసుకొని ఇంటికి వెళ్లిపోతాడు. అంతకన్న ముఖ్యంగా, పగ్గాన్ని తిరిగి ఇచ్చే రోజు ఒకటి ఉంటుంది. 2017నాటి చట్టం ఏ రూపంలోనైనా గొలుసుతో బంధించుటను నిషేధించింది. దానితోబాటు మరొక మంచి ఏర్పాటు చేసింది. ఎవరైనా సరే స్వస్థుడుగా ఉన్నప్పుడే, రేపు తనకు మనస్సు చెడితే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫున మాట్లాడవలసినవారెవరో ముందుగా వ్రాసి పెట్టవచ్చును. పగ్గాలు ఎవరి చేతికి ఇవ్వాలో యజమానియే నిర్ణయించడమన్న మాట. చట్టగ్రంథంలో ఉన్నంతగా ఇది మన ఇండ్లలోనికి ఇంకా రాలేదు. ఇంట్లో ఎవ్వరూ లేనివారికి నడిరాత్రి పట్టుకొనే చెయ్యి ఏది అంటే, 2022లో కేంద్రప్రభుత్వం టెలీ-మానస్ అనే దూరవాణి సేవను నెలకొల్పింది. 14416 అనే సంఖ్యకు ఫోను చేస్తే అవతల ఒక మనిషి పలుకుతాడు.

గీత మొదటి అధ్యాయానికి అర్జునవిషాదయోగమని పేరు. అర్జునునికి రోగనిర్ణయం చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన దుఃఖానికి ఎదుటనే కారణం నిలబడి ఉన్నది. అన్నయ్య దుఃఖానికి అట్టి కారణం లేదు. అయినా ఆ వర్ణన ఎంత దేహసంబంధమైనదో చూడండి. అవయవాలు పట్టుదప్పుతాయి, నోరు ఎండుతుంది, ఒళ్లు వణుకుతుంది, చర్మం మండుతుంది, గాండీవం చేతిలోనుండి జారుతుంది. శ్రీకృష్ణుడంతటివాడు కూడ మొట్టమొదట చేసిన పని నేను అన్నయ్యతో చేసినదే: ఇది పౌరుషం కాదని మందలించాడు. ఆ మందలింపు పనిచేయలేదు. అర్జునుడు యుద్ధం చేయనని చెప్పి మౌనం వహించాడు. అప్పుడు గదా అసలు సంభాషణ మొదలైంది. మనస్సు గాలివంటిది, దానిని పట్టుట కష్టమని ఆరవ అధ్యాయంలో అర్జునుడు అంటే, కష్టమే, సందేహం లేదని కృష్ణుడు ఒప్పుకొన్నాడు. అభ్యాసం, వైరాగ్యం అనే మార్గాలు చెప్పినది అది ఒప్పుకొన్న తరువాతనే. మనము ఆ ఒప్పుకోలును వదిలి ఉపదేశాన్ని మాత్రం పట్టుకొన్నాము. ఇంకొక సంగతి కూడ సాధారణంగా మన దృష్టికి రాదు. ఆ పద్దెనిమిది అధ్యాయాలు సాగినంతసేపూ, రెండు సేనల నడుమ, గుర్రాల పగ్గాలు కృష్ణుని చేతిలోనే ఉన్నాయి. అంతా చెప్పి, చివరకు, బాగా విచారించుకొని నీకెట్లు తోస్తే అట్లు చేయుమన్నాడు. అటుపిమ్మట జరిగిన యుద్ధం సంగతి వేరు. దానిని ఈ వ్యాసంలోనికి తేలేను.

అన్నయ్య కోలుకోవడానికి ఏడు నెలలు పట్టింది. మందులు, వైద్యుడు, వదిన, కాలం, వీటిలో ఎవరికెంత పాలు ఇవ్వాలో తెలియదు. కోలుకొనే తొలిదినాలలోనే ఎక్కువ కనిపెట్టి ఉండుమని వైద్యుడు హెచ్చరించాడు. ఒంట్లో సత్తువ ముందు వస్తుంది, మనస్సులో వెలుగు తరువాత వస్తుంది, ఆ నడుమకాలం చెడ్డది అన్నాడు. సంక్రాంతి దాటిన తరువాత ఒకనాడు వదిన బియ్యపుడబ్బాలోనుండి కవరు తీసి, పైనున్న పిండి దులిపి, ఆయన చేతిలో పెట్టింది. నేను అక్కడే ఉన్నాను. ఆయన కోపగించుకొంటాడని నాకు భయం. కవరు చింపి, కళ్లజోడు పెట్టుకొని, పత్రం రెండుసార్లు చదివాడు. జేబులోనుండి కలం తీసి ఒకచోట తప్పుపడిన అక్షరాన్ని దిద్దాడు. మడిచి మరల వదినకే ఇచ్చి, "ఇకమీద నేనేది వ్రాసినా పది రోజులు నీవద్ద ఉంచు. ఆ తరువాత మాత్రం నన్ను అడిగి, వెయ్యమంటే వెయ్యాలి" అన్నాడు.

రెండేళ్ల తరువాత ఆయన నిజంగానే రాజీనామా చేశాడు. తోట వేసుకొంటానన్నాడు. ఆ పత్రం కూడ పది రోజులు బియ్యపుడబ్బాలో ఉన్నది. పదకొండవనాడు వదిన అడిగింది, ఆయన వెయ్యమన్నాడు, ఆమె తపాలాపెట్టెలో వేసి వచ్చింది.